ఐదుమందీ కూర్చున్నాకే కొలత

కూర్చోమ్మా ఇట్ల, నా ఎదురుగా. ఆ ఫోను బోర్లా పెట్టు. సక్కగా విను. సగం విని సగం రాసేదయితే నేను చెప్పేదే లేదు. పొద్దున ఒక కారు బొమ్మ చూపిస్తివి కదా, రోడ్డుకు అతుక్కొని పోయినట్ల ఉండె, చక్రాలు జల్లెడంత ఉండె. "ఎట్ల ఉండాదవ్వా?" అంటివి. "దాంట్లో ఎంతమంది కూర్చుంటారు?" అంటిని. నువ్వు నవ్వితివి. ఆ నవ్వుకే ఇంగ ఇది చెప్తా ఉండాను. నేను నా మాటలోనే చెప్తాను, నువ్వు పుస్తకంలో ఉండేటట్ల రాసుకో. మనుషులు మాట్లాడింది మాత్రం మార్చొద్దు, వాళ్ళ నోట్లో ఉండినట్లే పెట్టు. పేర్లు వద్దు. అందరూ ఈ చుట్టుపక్కలే ఉండారు. రాస్తా ఉండావా? సరే.

కేజీఎఫ్‌లో బంగారు గనులు నడిచినన్నాళ్ళూ నేను డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌ని. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటం మీద పల్చటి కాగితం పరిచి, ఇంకుతో తిరగ్గీయడం నా పని. గీత వెంట్రుకంత పక్కకు పోయినా కాగితం చింపి మళ్ళీ మొదలు. గనులు మూసేశాక ఊరిలో సగం మంది తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు పోయి రావడం అలవాటు చేసుకున్నారు. నేనూ కొన్నాళ్ళు పోయాను. నిలబడి పోవడం, నిలబడి రావడం. మోకాళ్ళు మొరపెట్టుకున్నాక మానేశాను. అప్పుడే కోలారు దగ్గర తమక అనే ఊరిలో, హైవే పక్కన, మేస్త్రి తన చక్రాల షాపులోకి నన్ను పిలిచాడు.

మేస్త్రి గనిలో షాఫ్టు మనిషి. షాఫ్టంటే భూమిలోకి నిట్టనిలువుగా దిగే బావి. అందులో మనుషుల్ని దించే ఇనుప బోనును కేజ్ అనేవాళ్ళం. ఆ కేజ్ కిందికి పోతున్నప్పుడు గోడకు ఎక్కడా తగలకుండా చూసుకోవడమే ఆయన ఉద్యోగం. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. కోపం వస్తే మాత్రం ఇంగ్లీషు. గని మూతబడగానే ఆయన చేతిలో మిగిలింది ఇనుమును చూసే కన్ను ఒక్కటే. దాన్ని పట్టుకుని చక్రాల మీదికి వచ్చాడు.

"నీకు గీత తెలుసు, నాకు ఇనుము తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయితాము, రామ్మా" అన్నాడు. ఉద్యోగానికి అంత గౌరవంగా నన్నెవరూ పిలవలేదు.

షాపులో కార్ల చక్రాలు సరిచూడడం, బ్యాలెన్సు పెట్టడం, కొత్త చక్రాలు ఎక్కించడం మా పని. కారును పైకెత్తే లిఫ్టు ఒకటి ఉండేది. లిఫ్టు మీట నా చేతిలో, మేస్త్రి కారు కింద. పక్కన కంప్రెసర్ మోత, బయట లారీల హారన్లు. అరిస్తే వినపడదు. అందుకని గనిలో గంట కొట్టినట్టే ఆయన స్పానర్‌తో లిఫ్టు స్తంభం మీద కొట్టేవాడు. ఆగి ఉన్నప్పుడు ఒక దెబ్బ కొడితే ఎత్తు, కదులుతున్నప్పుడు ఒక దెబ్బ కొడితే ఆపు. రెండు కొడితే దించు. గనిలో మూడు దెబ్బలు కూడా ఉండేవి. మూడంటే, ఈసారి ఎక్కేది రాయి కాదు, మనుషులు. ఆ మూడు గంటలు వినపడితే పైన ఇంజను నడిపేవాడు కూర్చున్న కుర్చీలోనే నిటారుగా అయ్యేవాడట. మా షాపులో మాత్రం మూడు దెబ్బలు ఎన్నడూ మోగలేదు. లిఫ్టు మీదున్న కారులో మనుషులెవరుంటారు? ఈ మాట గుర్తు పెట్టుకో, మళ్ళీ వస్తుంది.

గని అలవాటు ఇంకొకటి కూడా ఆయన షాపుకు తెచ్చాడు. కేజ్‌కు ఏదైనా మార్పు చేస్తే, మనుషుల్ని పంపించే ముందు కేజ్ అంత కొలతతో ఒక చెక్క చట్రం చేసి, దాన్ని బావిలోకి దించి చూసేవాళ్ళు. చెక్క ఎక్కడైనా గీసుకుంటే అక్కడ తప్పుందని అర్థం. మేస్త్రి కార్లకూ అదే చేశాడు. కొత్త చక్రం కొనకముందే దాని ఎత్తుకు, వెడల్పుకు సరిపడా ప్లైవుడ్డుతో ఒక ఉత్త చక్రం కోసేవాడు. దాన్ని కారుకు బిగించి, స్టీరింగు ఇటూ అటూ తిప్పి, ఎక్కడ తగులుతుందో చూసేవాడు. ఆ తరువాతే అసలు చక్రం కొనమనేవాడు. కోలారు జిల్లాలో అట్లా చేసేవాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు. బెంగళూరు నుంచి కూడా వచ్చి చూసి, ముందు నవ్వి, తరువాత ఫోటో తీసుకుని పోయేవాళ్ళు.

ఇంక ఆ ఎర్ర కారు సంగతి.

ఒక అమ్మాయి వచ్చింది. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. తయారైన సామాను కొలత సరిగ్గా ఉందో లేదో చూసే పని. నాకు మొదటి రోజే నచ్చింది, నా జాతి మనిషి కదా! సొంత జీతంతో ఒక ఎర్ర కారు కొనుక్కుంది. చూడ్డానికి చిన్నది, వెనుక డిక్కీ ఉన్నట్టా లేనట్టా తెలియదు. బానెట్టు కింద మాత్రం పెద్ద కారు గుండెకాయ. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కునేది. నెల రోజుల్లో కోలారు అవతల ఒక మైదానంలో కార్ల పందెం ఉంది. నేల మీద రంగు కోన్‌లు పెడతారు, వాటి మధ్య ఒక్కొక్క కారూ ఒంటరిగా మెలికలు తిరిగి రావాలి, ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్ళు గెలిచినట్టు. అమ్మాయికి ఆ పందెంలో తిరగాలని.

"ఆంటీ, కారు బాగా కిందికి దించవల్ల. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్యలో వేలు గూడా దూరకూడదు. చక్రాలు పద్దెనిమిది అంగుళాలవి కావల్ల, నల్లటివి" అంది.

కారుకు కంపెనీ ఇచ్చిన చక్రం పదహారు అంగుళాలది. మేస్త్రి ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"పద్దెనిమిదా? ఏలమ్మా? రిమ్ము పెద్దదయితే రబ్బరు పల్చనయితాది. చపాతీ అంత రబ్బరు మింద బంగారుపేట రోడ్డులో పోతే, మొదటి గుంతలో రిమ్ము వంగి, రెండో గుంతలో నీ నడుము వంగతాది."

అమ్మాయి నవ్వింది గానీ వదల్లేదు. ఆ అమ్మాయి వెనుక ఒక ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ళ నాన్న. ముళబాగిలులో ధాన్యం మండీ. నిండైన మనిషి. ఆయన ముందుకు వచ్చాడు.

"చూడమ్మా, బండి దించుకోనీ, ఎత్తుకోనీ, నాకేమీ అడ్డం లేదు. మా ఇంట్లో ఐదుమందిమి. మా అమ్మ, నేను, మా ఇంటామె, చిన్న పాప, ఈమె. ఇది పందెం బండే కాదు, మా ఇంటి బండి గూడా. పందానికి ముందు ఆదివారం ఐదుమందీ కూర్చొని ముళబాగిలు నుంచి మీ షాపు దాకా వస్తాము. దావలో ఒక్కసారి రాసుకొన్న సద్దు వినిపించిందా, బండి అమ్మకం. పందెమూ లేదు, గిందెమూ లేదు."

"నాయనా, స్పీడు హంపుల మింద ఏ బండికైనా..."

"ఒక్క సద్దు" అన్నాడాయన.

అమ్మాయి మొహం చూశాను. అది బేరమాడే మొహం కాదు. మూడేళ్ళు ఫ్యాక్టరీ బస్సులో తిరిగి కొనుక్కున్న కారు అది. మేస్త్రి స్పానర్ తుడుచుకుంటూ అన్నాడు.

"సద్దు రాదు సామీ. నేను కేజ్ చూసిన ముప్పై ఏండ్లలో ఒక్క దినం గోడకు తగల్లేదు. ఈ బుజ్జి కారు యాడ తగలతాది?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పుడు మాత్రం నాకు గర్వంగానే అనిపించింది.

మూడు రోజులు కూర్చుని లెక్క వేశాం. అమ్మాయి పద్దెనిమిది నుంచి ఒక మెట్టు దిగింది, మేస్త్రి పదహారు నుంచి ఒక మెట్టు ఎక్కాడు, పదిహేడు దగ్గర రాజీ అయ్యింది. దించేది యాభై మిల్లీమీటర్లు. మేస్త్రి లెక్కలో మూడు వేళ్ళు. ఆయనకు వేళ్ళే స్కేలు. నేను ట్రేసింగ్ కాగితం తెచ్చి, చక్రం, దాని వెనుక స్ప్రింగు ఉండే స్తంభం, మడ్‌గార్డు, అన్నీ అసలు కొలతకు అసలు కొలతగా గీశాను. ఎన్నో ఏళ్ళ తరువాత ఇంకు పెన్ను పట్టుకున్నాను. గీత వెంట్రుకంత కూడా పక్కకు పోలేదు. లోపల స్తంభానికి ఆరు మిల్లీమీటర్ల సందు, బయట అంచుకు నాలుగు. మేస్త్రి ప్లైవుడ్డు చక్రం చేసి బిగించాడు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాం. ఎక్కడా చెక్క గీసుకోలేదు. పైన రెండు వేళ్ళు దూరేంత సందు కనపడింది, చాలనుకున్నాం. మా కళ్ళన్నీ పక్కల మీదే ఉన్నాయి.

బెంగళూరు నుంచి చక్రాలు, పొట్టి స్ప్రింగులు వచ్చాయి. ఎక్కించాక కారు ఎట్లా ఉందనుకున్నావు! పిల్లి దూకేముందు వొంగినట్టు ఉంది. అమ్మాయి చుట్టూ తిరిగి తిరిగి చూసుకుని, ఒక చక్రం మీద చెయ్యి వేసి, అక్కడే కింద కూర్చుండిపోయింది. ఆమెతో ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు కూడా కారు చూడ్డానికి వచ్చారు.

"రాండి ఆంటీ, మేస్త్రీ మీరూ రాండి, ఒక రౌండు పోదాము" అంది.

వాళ్ళు ముగ్గురు, మేము ఇద్దరం. లెక్క పెట్టావా? ఐదుగురు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నవ్వుకుంటూ ఇరుక్కుని కూర్చున్నాం. షాపు దాటి సందు మలుపులో మొదటి హంపు. అమ్మాయి మెల్లగానే ఎక్కించింది. కారు దిగేటప్పుడు, నా కుడి పక్క నుంచి, ర్ర్ర్ అని ఒక సద్దు. ఎలుక చెక్కపెట్టెను కొరికినట్టు. మలుపు తిరుగుతుంటే మళ్ళీ వచ్చింది, ఈసారి రబ్బరు కాలిన వాసనతో.

షాపుకు తిరిగి వచ్చి చూస్తే, టైరు బయటి భుజం మీద ఒక వరస రబ్బరు లేచిపోయి ఉంది. పెన్సిలు చెక్కితే తొక్క వస్తుంది చూడు, అట్లా.

"పందానికి ఎన్ని దినాలుండాయి?" అని అడిగాను.

"పదహారు. నాయన వచ్చేదానికి తొమ్మిదే" అంది అమ్మాయి. లేచిన రబ్బరును వేలితో అదిమి చూసింది. "మేస్త్రీ, మడ్‌గార్డు లోపలి అంచు ఉండాది కదా, దాన్ని లోపలికి మడిచి కొట్టేద్దాము. సరిపోతాది. బెంగళూరులో అందరూ అట్లనే చేస్తారంట."

నిజమే, అట్లా చేస్తారు. గంట పని. సద్దు పోతుంది, నాన్న ముందు పరీక్ష గట్టెక్కుతుంది, మా మాట కూడా నిలుస్తుంది. నేనైతే సరే అనేసేదాన్ని, అబద్ధమెందుకు.

మేస్త్రి నేల మీద కూర్చుని ఆ రబ్బరు తొక్కను వేళ్ళ మధ్య నలుపుతూ ఉన్నాడు. లేచాడు. స్పానర్ తీసుకుని లిఫ్టు స్తంభం దగ్గరికి పోయి, కొట్టాడు. టంగ్. టంగ్. టంగ్.

ఫ్యాక్టరీ వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయనకు ఏదో అయిందనుకున్నారు. నేను మాత్రం గని ఇంజను నడిపేవాడిలా నిటారుగా అయ్యాను. ఆ షాపులో మూడు దెబ్బలు మోగడం అదే మొదలు.

"మనుషులు" అన్నాడు నన్ను చూసి. "మనుషులమ్మా! ఇన్నేండ్లూ ఖాళీ బండి కొలిచి పంపిస్తా ఉండాము. కేజ్‌లో ఇద్దరెక్కినా ఇరవైమంది ఎక్కినా, పైన తాడు సాగతాది అంతే, గోడకూ దానికీ నడుమ సందు మారదు. కారు అట్ల కాదు కదా! మనుషులు కూర్చుంటే ఇది కిందికి దిగతాది, చక్రం పైకి పోయి మడ్‌గార్డు కిందికి దూరతాది. నా బుద్ధి ఇంగా బావిలోనే ఉండాది."

తరువాత అమ్మాయి వైపు తిరిగాడు.

"అంచు కొడితే ఈ దినానికి సద్దు పోతాది పాపా. రేపు వెనక మీ అవ్వ మామిడిపండ్ల గంప పెడితే మళ్ళీ వస్తాది. అప్పుడింకేమి కొడతావు? అంచుది తప్పు కాదు. తప్పు నాది. మీ నాయన ముందర గొప్పలు చెప్పింది గూడా నేనే."

"మేస్త్రీ, నా పటంలో గూడా మనుషులు లేరు" అన్నాను నేను.

"నీది సగం, నాది సగం. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అని చెప్పినాను కదా? తప్పులో గూడా అంతే" అన్నాడు.

అరవై దాటిన మనిషి, పాతికేళ్ళ పిల్లల ముందు, ముక్కూ మొహం తెలియని ఇద్దరి ఎదుట, గొంతు తగ్గించకుండా తప్పు నాది అన్నాడు. డ్రాయింగ్ ఆఫీసులో నేను ఎంతమంది పెద్ద పెద్ద ఇంజనీర్లను చూశానో నీకు తెలియదు. తప్పు జరిగితే ముందు ట్రేసర్‌ను పిలిచేవాళ్ళు. ఆ రోజు మేస్త్రి మొహం చూస్తూ, ఇన్నేళ్ళకు ఒక ఇంజనీరు కనపడ్డాడు అనుకున్నాను. రాశావా అది? సరిగ్గా రాయి.

మర్నాడు అమ్మాయి సెలవు పెట్టి, వాళ్ళ మండీ ఆటోలో రాగి మూటలు వేసుకుని వచ్చింది. రాగి అంటే ముద్దకు వాడే రాగులు, నవ్వకు.

"ఏమమ్మా ఇవి?" అన్నాను.

"మా ఇంటోళ్ళు ఆంటీ" అంది.

మూటల మీద సుద్దముక్కతో రాసింది. అవ్వ, ఒక మూటకు కొంచెం తక్కువ. అమ్మ, ఒక మూట. చెల్లెలు, ముప్పావు. నాయన, ఒకటిన్నర మూట. మూటల్ని సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు పెట్టింది. నాయన మూట పైన అరమూట నిలవక ముందుకు తూలిపోతుంటే, "గమ్మున కూర్చో నాయనా" అని దాన్ని వెనక్కి తోసింది. మేస్త్రి పడీ పడీ నవ్వాడు. తరువాత మొహం సర్దుకుని, అమ్మాయిని స్టీరింగు ముందు కూర్చోమని, స్తంభానికి మూడు దెబ్బలు కొట్టి, అప్పుడు కొలత పట్టమన్నాడు.

రెండు వేళ్ళ సందు అర వేలు అయిపోయింది.

అంతటితో ఊరుకోలేదు మేస్త్రి. స్ప్రింగు విప్పేసి, ప్లైవుడ్డు చక్రం బిగించి, జాకీతో చక్రాన్ని కొంచెం కొంచెంగా పైకి ఎత్తుకుంటూ పోయాడు. పెద్ద గుంత తగిలితే చక్రం ఎంత పైకి పోతుందో అంత వరకూ. ఎక్కడ చెక్క గీసుకుంటే అక్కడ నేను సుద్దతో గీత పెట్టాను. సాయంత్రానికి లెక్క తేలింది. ఆ వెడల్పు చక్రాలే కావాలంటే కారును దించకూడదు. కారు దించాలంటే కంపెనీ ఇచ్చిన పదహారు అంగుళాల కొలతకే పోవాలి, సన్నటి టైరు వేసుకోవాలి, దించేది కూడా వేలున్నరే, అదీ గట్టి స్ప్రింగులతో. రెండూ కావాలంటే ఇంట్లో వాళ్ళు దిగిపోవాలి.

ఇది చెప్పే బాధ్యత నా మీద పడింది. అమ్మాయి విని, ఆ నల్లటి చక్రాల్ని చేత్తో నిమిరింది. ఫోనులో ఆ చక్రాలతో తీసిన ఫోటో అప్పటికే స్నేహితులందరికీ పంపించి ఉంది పాపం. మేస్త్రి పాత సామానులోంచి వెతికి తెచ్చిన తేలికపాటి పదహారు అంగుళాల చక్రం ఒకటి, నల్ల చక్రం ఒకటి, రెండూ మండీ ఆటోలో వేసుకుని ముళబాగిలు పోయింది. ఇంక రాదేమో అనుకున్నాను.

పొద్దున్నే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, మండీలో రెండూ తూకం వేసినాను. నల్లది ఒక్కొక్కటీ రెండున్నర కేజీలు ఎక్కువుండాది. నాలుగు చక్రాలకు పది కేజీలు. ఆ బరువును తిప్పేది ఇంజనే, ఆపేది బ్రేకులే కదా. చిన్నవే పెట్టండి."

"మనసారా చెప్తా ఉండావా?"

"మనసు కాదు ఆంటీ, తక్కెడ చెప్తా ఉండాది."

నా జాతి మనిషి అన్నానా లేదా!

నల్ల చక్రాలు తిరిగి బెంగళూరు పోయాయి. తెగిన టైరును మాత్రం మేస్త్రి పంపనివ్వలేదు. షాపులో, ఎవరు వచ్చినా కనపడేటట్టు గోడకు మేకు కొట్టి తగిలించాడు. కారు ఎత్తు మారితే చక్రాల వాలు కూడా మారిపోతుంది కాబట్టి ఆ వాలు సరిచేసే పని మళ్ళీ నాది. మూటల్ని కూర్చోబెట్టే చేయాలనుకున్నాను. గట్టి స్ప్రింగులు మాత్రం ఆదివారానికి ఒక్కరోజు ముందు వచ్చాయి. ఆ రోజు మేస్త్రి భోజనం కూడా నిలబడే తిన్నాడు. బిగించి, మూటలతో వాలు సరిచేయడం అయ్యేసరికి సాయంత్రమైంది, మనుషుల్ని ఎక్కించి తిప్పి చూడ్డానికి సమయం లేకుండానే అమ్మాయి కారు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం. పది గంటలకు వస్తామన్నారు. ఎనిమిదికే మేస్త్రి షాపు ముందు నీళ్ళు చల్లి, కుర్చీ వేసుకుని, హైవే వైపు చూస్తూ కూర్చున్నాడు. పది అయింది. పదిన్నర అయింది.

"యాడో తగిలింటాదమ్మా" అన్నాడు.

"గమ్మునుండండి మేస్త్రీ."

"దావలో ఆ స్కూలు ముందర ఉండే హంపు. దానికి రంగు గూడా ఉండదు. ఆడ తగిలింటాది."

పదకొండుకు వచ్చింది ఎర్ర కారు. నిండుగా ఐదుగురు. నాన్న ముందు సీటులో, కిటికీ దించి, చెవి బయటికి పెట్టి కూర్చుని ఉన్నాడు. చెవి ఇట్లా రోడ్డు వైపు! ముళబాగిలు నుంచీ అట్లానే వచ్చాడట. దిగాడు. ఎవరితోనూ మాట్లాడకుండా నాలుగు చక్రాల దగ్గరా వంగి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాడు. లేచి చెయ్యి దులుపుకున్నాడు.

"సద్దు వచ్చింది" అన్నాడు.

అమ్మాయి స్టీరింగు ముందు నుంచి కదల్లేదు. తల వంచుకుని కూర్చుని ఉంది. మేస్త్రి చేతిలో స్పానర్ కింద పడింది.

"యాడ వచ్చింది సామీ?" అన్నాను.

"దావ పొడుగునా వచ్చింది. హంపు ఎక్కినప్పుడంతా కటకట, కటకట. నిలిపి నిలిపి చూస్తా వచ్చినాము, అందుకే ఇంతసేపు. ఏమీ కనపడలేదు. అయితే సద్దు మాత్రం వచ్చింది. మాటంటే మాట."

అప్పుడు వెనుక సీటులోంచి అవ్వ, అంటే ఆయన తల్లి, తలుపు తీసింది. సన్నటి మనిషి. చెయ్యి సీటు కిందికి పెట్టి వెతికి, ఒక ఇత్తడి డబ్బీ బయటికి తీసింది.

"ఇదేనేమో చూడరా. నా వక్కాకు డబ్బీ. ఇంటి దగ్గరే కింద పడింది, అప్పటినుంచీ కాలి కింద దొర్లతానే ఉండాది."

"చెప్పకూడదామ్మా?" అని అరిచాడు కొడుకు.

"నువ్వు నోరు తెరవనిస్తివా? అందరూ గమ్మునుండండి, సద్దు వినవల్ల అంటివి. గమ్మునుంటిమి."

చిన్న పిల్ల కిసుక్కున నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. డబ్బీని తల్లి ఒడిలో పెట్టించి, తిరిగి కారెక్కి, షాపు పక్క సందులో ఉన్న హంపు చూపించి, దాని మీద తిప్పమన్నాడు. మా మొదటి ర్ర్ర్ వచ్చిన హంపు అదే. ఒకసారి ఎక్కి దిగింది. మళ్ళీ తిప్పించాడు. ఐదుసార్లు. ఐదోసారి వేగంగా పొమ్మన్నాడు. నేనూ మేస్త్రీ సందు చివర నిలబడి చూస్తూ ఉన్నాం. కారు లేచింది, కూర్చుంది, అంతే. పరుపు మీద పిల్ల దూకినట్టు.

ఆయన దిగి వచ్చి కాసేపు గోడకు తగిలించిన తెగిన టైరును చూశాడు.

"ఇదేమి?"

"మా తప్పు సామీ. ముందర ఇట్ల చేసింటిమి" అని మేస్త్రి మొదటి నుంచీ అంతా చెప్పేశాడు. దాచుకోవచ్చు కదా, దాచలేదు. మూటల సంగతి కూడా చెప్పాడు.

"నేను ఎన్ని మూటలు?" అన్నాడాయన.

అమ్మాయి మెల్లగా, "ఒకటిన్నర, నాయనా" అంది.

ఆయన తన పొట్ట వైపు చూసుకున్నాడు. "తూకం సరిగానే ఉండాది" అన్నాడు. అప్పుడు నవ్వాడమ్మా. ఆ నవ్వుకు షాపు రేకులు అదిరాయి.

పందెం మరుసటి ఆదివారం. మేమిద్దరం షాపు మూసి పోయాం. అక్కడికి వచ్చిన కార్లు చూసి మేము ఓడినట్టే అనుకున్నాను. అన్నీ నేలకు ఆనుకున్నవే, చక్రాలన్నీ పళ్ళాలంత. మా ఎర్ర కారు వాటి మధ్య ఆఫీసుకు పోయే గుమాస్తా లాగా ఉంది. ఒక అబ్బాయి దాని చక్రాలు చూసి, "ఏమి మేడం, మార్చేకి టైము చిక్కలేదా?" అన్నాడు. అమ్మాయి, "చిక్కింది, అందుకే మార్చినాను" అని హెల్మెట్ పెట్టుకుంది.

ఆ పిల్ల నడపడం చూడాలి నువ్వు! కోన్‌ల మధ్య మలుపు తిరిగేటప్పుడు పెద్ద చక్రాల కార్లు గతుకు తగిలి చప్పుడు చేస్తూ పక్కకు ఎగిరిపోతున్నాయి. మన కారు షాఫ్టులో కేజ్ దిగినట్టు, పట్టాలేవో ఉన్నట్టు, గీసిన గీత మీద పోయింది. వాళ్ళ నాన్న ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడి, "తిప్పు పాపా, తిప్పు, తిప్పు!" అని అరుస్తుంటే కుర్చీ కాళ్ళు విచ్చుకుంటున్నాయి. మూడో స్థానం వచ్చింది. మొదటిది కాదు, మూడోదే. ఉన్నదున్నట్టు రాయి. మొదటి ఇద్దరూ ఏళ్ళ తరబడి నడుపుతున్నవాళ్ళు, పందేనికే తయారుచేసిన కార్లు. వాటిలో అవ్వలకు సీట్లు కూడా లేవు. మూడోదైన ఆ కారే పందెం అయ్యాక ఐదుగురినీ ఎక్కించుకుని, వక్కాకు డబ్బీతో సహా ముళబాగిలుకు పోయింది.

ఆ తరువాత వారం, మధ్యాహ్నం పూట, షాపు ముందు ఒక తెల్ల కారు ఆగింది. పెద్దది, పెళ్ళిళ్ళకు పోయే రకం. అందులోంచి దిగింది ఎవరనుకున్నావు? మండీ ఆయన. ఒక్కడే వచ్చాడు. అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమమ్మా, పాపకు చెప్పొద్దు. దీన్ని గూడా ఒక రవ్వ కిందికి దించేకి అయితాదా? చూసేకి లక్షణంగా ఉంటాది కదా, ఆ ఎర్ర దాని మాదిరి..."

నాకు నవ్వు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మేస్త్రి మాత్రం నవ్వలేదమ్మా. ఆయన్ని కింది నుంచి పై దాకా ఒకసారి చూశాడు, తెల్ల కారు తలుపు తెరిచి పట్టుకుని, "ఎక్కి కూర్చోండి సామీ" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. కారు ఆ పక్కకు ఒక వేలు దిగింది. మేస్త్రి స్పానర్ తీసుకుని స్తంభం దగ్గరికి పోయి, ఒకటి కొట్టాడు, టంగ్... రెండోది కొట్టి నా వైపు చూసి...

"అత్తా! ముద్ద ఆరిపోతా ఉండాది, పప్పుసారు గూడా పోసేసినాను. రాండి ఇద్దరూ!"

ఇదో, కోడలు పిలస్తా ఉండాది. వస్తా ఉండానమ్మా, వస్తా ఉండాను, ఇంగ ఒకే ఒక్క దెబ్బ ఉండాది, అది